పంచాయతీ ప్రణాళిక లక్ష్యాలు నెరవేరాయా లేదా: సమీక్ష ఎలా చేయాలి?

ప్రశ్న: మా గ్రామ పంచాయతీ ప్రణాళికలో తాగునీరు, పారిశుధ్యం, రోడ్లు, పన్నుల వసూలు మీద లక్ష్యాలు రాసుకున్నాం. ఎంతవరకు అయ్యాయో గ్రామసభ ముందు పెట్టమని వార్డు సభ్యులం నలుగురికి అప్పగించారు. ఖర్చు వివరాలు కార్యదర్శి ఇచ్చారు, 92 శాతం ఖర్చయిందని ఉంది. దీన్ని సమీక్షగా ఎలా మార్చాలి?

సమాధానం:

ముందు ఆ 92 శాతాన్ని పక్కన పెట్టండి. డబ్బు ఖర్చయిందని మాత్రమే అది చెబుతుంది. నిధులు ఖర్చవడం, పని జరగడం, ఆ పనివల్ల ఊళ్లో ఏదో మారడం మూడూ వేర్వేరు సంగతులు. మన పంచాయతీల్లో సమీక్ష అనగానే మొదటిదే చూసి ముగిస్తారు. మీకు అప్పగించింది మూడోది.

పని మొదలుపెట్టే ముందు ఏ ప్రణాళికతో పోల్చాలో తేల్చుకోండి. గ్రామసభ ఆమోదించి ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్లో (పంచాయతీల ప్రణాళికలు, లెక్కలు ఉంచే ప్రభుత్వ వెబ్‌సైటు) ఎక్కించిన గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక ఒకటి ఉంటుంది. ఏడాది మధ్యలో, ఎక్కువగా ఆర్థిక సంవత్సరం చివర్లో, అనుబంధ ప్రణాళిక పేరుతో మార్పులు జరుగుతాయి. చేయని పనిని తీసేసి, చేసిన పనిని వెనక్కి వచ్చి చేర్చడం ఇక్కడే జరుగుతుంది. అలా సవరించిన కాపీతో పోలిస్తే ఏ పంచాయతీకైనా నూటికి తొంభై మార్కులు వస్తాయి. అందుకని మొదట ఆమోదించిన ప్రణాళికను, దానికి సంబంధించిన గ్రామసభ తీర్మానం నకలును తీసుకుని, వాటినే ప్రామాణికంగా పెట్టుకోండి. తర్వాత వచ్చిన ప్రతి మార్పుకూ ఎదురుగా తేదీ, కారణం, తీర్మానం నంబరు రాయండి. మారడం తప్పేమీ కాదు. వరదొచ్చి కల్వర్టు కొట్టుకుపోతే ప్రణాళిక మారాల్సిందే. తీర్మానం లేకుండా మారిందా అన్నదే ప్రశ్న.

పోర్టల్ చూడటానికి లాగిన్ అక్కర్లేదు. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఆమోదించిన పనులు, వచ్చిన నిధులు, చెల్లింపులు కనిపిస్తాయి. ప్రతి పనికీ ఒక కోడ్ ఉంటుంది. కాగితం మీద మీ పట్టికకు మొదటి గడి ఆ కోడే కావాలి. పని పేరుతో వెతికితే 'బీసీ కాలనీ సీసీ రోడ్డు' అని మూడు వేర్వేరు పనులు తగులుతాయి.

ఇక లక్ష్యాలు. ప్రణాళికలో అవి సాధారణంగా 'తాగునీటి సమస్య పరిష్కారం', 'గ్రామాన్ని పరిశుభ్రంగా ఉంచుట' అన్న ధోరణిలో ఉంటాయి. వీటిని ఎవరూ కొలవలేరు. ప్రతి లక్ష్యాన్నీ ఐదు గడుల్లోకి విడగొట్టండి: మొదట్లో పరిస్థితి ఎంత, ఎంతకు చేరాలి, ఎప్పటికి, ఏ రికార్డులో తెలుస్తుంది, ఎవరి బాధ్యత. 'మొదట్లో పరిస్థితి' గడి చాలా చోట్ల ఖాళీగా మిగులుతుంది. అప్పుడు ఊహించి నింపకండి. మిషన్ అంత్యోదయ సర్వే (ఊరి సౌకర్యాల మీద ప్రభుత్వం చేయించేది), ఇంటింటికీ కుళాయి పథకమైన జల్ జీవన్ మిషన్ లెక్కలు, ఆ ఏటి డిమాండ్ రిజిస్టరు (ఎవరు ఎంత పన్ను కట్టాలో రాసే పుస్తకం), అంగన్‌వాడీ, బడి రికార్డుల్లోంచి వెనక్కి కట్టవచ్చు. అలా కట్టిన అంకె పక్కన 'తర్వాత సేకరించింది' అని రాసి ఉంచండి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఊళ్లో ఎన్ని ఇళ్లు అనే ప్రశ్నకు ఒక్కో రిజిస్టరు ఒక్కో జవాబు చెబుతుంది. ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టరులో తాళం వేసిన ఇళ్లు, కొట్లు కూడా అసెస్‌మెంట్లే, అంటే పన్ను వేసిన పద్దులే. రేషన్ కార్డుల్లో ఒకే ఇంట్లో రెండు మూడు కార్డులుంటాయి. నీటి కనెక్షన్ల జాబితాలో ఒకప్పటి ఇళ్ల సంఖ్య అలాగే నిలిచిపోయి ఉంటుంది. కనెక్షన్లను ఒక జాబితా నుంచి, ఇళ్లను ఇంకో జాబితా నుంచి తీసుకుని శాతం కడితే 104 శాతం ఇళ్లకు కుళాయి ఉందని తేలుతుంది. అందుకని ఒక జాబితాను ఎంచుకోండి. వార్డుల వారీగా తిరిగి సరిచూసుకున్న ఇళ్ల జాబితా అయితే మంచిది. సమీక్ష మొత్తానికీ అదే వాడండి.

నిధుల భాగం త్వరగా అయిపోతుంది. కేంద్రం నుంచి పంచాయతీకి వచ్చే 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 2021-22 నుంచి 2025-26 వరకు 60 శాతం షరతులతో కూడినది. అందులో సగం తాగునీరు, వాననీటి సంరక్షణ, నీటి పునర్వినియోగానికి. మిగతా సగం పారిశుధ్యం, బహిరంగ మలవిసర్జన రహిత స్థితిని నిలబెట్టడానికి. ఏడాదికి 10 లక్షలు వస్తే 3 లక్షలు నీటికి, 3 లక్షలు పారిశుధ్యానికి, 4 లక్షలు స్థానిక అవసరాలకు. ఆ 4 లక్షల్లోంచి జీతాలు, కార్యాలయ నిర్వహణ ఖర్చులు పెట్టకూడదు. ఓచర్లను ఈ మూడు గంపల్లో వేసి చూడండి, ఎక్కడ జారిందో తెలుస్తుంది. 2026-27 నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం. ఆ ఏటి షరతులకు మంజూరు ఉత్తర్వు చూసుకోండి, పాత నిష్పత్తితో లెక్క కట్టకండి.

నిధులు పంచాయతీ ఖాతాలో పడ్డ తేదీ కూడా రాసుకోండి. మార్చి మూడో వారంలో డబ్బు పడితే ఆ ఏడాది పని కాలేదని సర్పంచిని నిలదీయడం న్యాయం కాదు. జూన్‌లో పడి ఫిబ్రవరి దాకా అంచనా కూడా వేయించకపోతే అది వేరే సంగతి.

ఇప్పుడు అసలు పని, అంటే కళ్లతో చూసి కొలవడం. అన్నీ చూడలేరు కాబట్టి నీరు, ఒక రోడ్డు, పన్నులు లోతుగా చూడండి.

నీరు. జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. జనాభా 1,200, ట్యాంకు 40,000 లీటర్లు, రోజుకు రెండుసార్లు నింపుతున్నామని వాటర్‌మ్యాన్ పుస్తకంలో ఉందనుకుందాం. 80,000ను 1,200తో భాగిస్తే 66 లీటర్లు, లక్ష్యం దాటినట్టే. కానీ నిజంగా రెండుసార్లు నింపుతున్నారా? మోటారుకు మీటరు ఉంటే కరెంటు బిల్లు చెబుతుంది. 5 హార్స్‌పవర్ మోటారు పూర్తి లోడు మీద గంటకు సుమారు నాలుగున్నర యూనిట్లు తింటుంది. ఒకసారి ట్యాంకు నిండటానికి రెండు గంటలు పడితే, రెండుసార్లకు రోజుకు 18 యూనిట్లు, నెలకు 540. బిల్లులో 280 ఉంటే రోజుకు ఒక్కసారే నిండుతోందని అర్థం. అప్పుడు మనిషికి దక్కేది 33 లీటర్లు. నింపే సమయం పుస్తకంలోది తీసుకోకండి, ఒక రోజు ట్యాంకు దగ్గర నిలబడి గడియారం పెట్టి చూడండి. అదే మీటరు మీద వీధి దీపాలు కూడా ఉంటే ముందు వాటి యూనిట్లు తీసేయండి, లేకపోతే లెక్క తప్పుతుంది.

సగటు అంకెతో ఆగిపోకండి. ఒక 20 లీటర్ల బకెట్టు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీసుకుని ట్యాంకుకు దగ్గరున్న ఇంటికి, లైను చివరి ఇంటికి ఒకే పూట వెళ్లండి. దగ్గరి ఇంట్లో బకెట్టు 40 సెకన్లలో నిండి, చివరి ఇంట్లో 6 నిమిషాలు పట్టిందనుకోండి. నీళ్లు వదిలేది 45 నిమిషాలే అయితే చివరి ఇంటికి ఏడున్నర బకెట్లు, అంటే 150 లీటర్లు. ఐదుగురున్న కుటుంబానికి మనిషికి 30. మొదటి ఇంటికి అదే లెక్కన మనిషికి 270 లీటర్లు వస్తాయి. వాళ్లు అంతా పట్టుకోరు, మిగిలింది మురుగుకాల్వ పాలు. ఇలాంటి ఊరికి కొత్త బోరు వేస్తే సమస్య తీరదు. కావాల్సింది వీధుల వారీగా వాల్వులు, విడతల వారీగా నీరు వదలడం. సమీక్షలో ఇది తేలితే వచ్చే ఏడాది ప్రణాళికలో కొన్ని లక్షలు మిగులుతాయి.

చివరి కుళాయి దగ్గరే క్లోరిన్ కూడా చూడండి. మిగులు క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. పరీక్ష కిట్టు నీటి సరఫరా సిబ్బంది దగ్గరో, శిక్షణ పొందిన మహిళల దగ్గరో ఉంటుంది. ట్యాంకు దగ్గర పరీక్షిస్తే ఎప్పుడూ బాగానే ఉంటుంది, అక్కడ చేయడంలో అర్థం లేదు.

రోడ్డు. రికార్డు వరస ఇది: అంచనా, పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు, కొలతల పుస్తకం, బిల్లు, చెల్లింపు. మనకు ముఖ్యమైనది కొలతల పుస్తకం, వాడుకలో ఎం-బుక్. పొడవు 120 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, మందం 15 సెంటీమీటర్లు అని ఉంటే కాంక్రీటు 54 ఘనపు మీటర్లు. పొడవు, వెడల్పు టేపు పెట్టి ఎవరైనా కొలుస్తారు కాబట్టి అక్కడ తేడా అరుదు. తేడా వచ్చేది మందంలో. మందం 10 సెంటీమీటర్లే ఉంటే 36 ఘనపు మీటర్లే పడినట్టు, మూడో వంతు మాయం. రోడ్డు అంచు చూసి మందం నిర్ణయించకండి. అంచున పలకలు కట్టి పోస్తారు కాబట్టి అక్కడ నిండుగా కనిపిస్తుంది, మధ్యలో నేల ఎత్తుగా వదిలేస్తే పలచబడుతుంది. కుళాయి పైపు కోసం అడ్డంగా కోసిన చోటు దొరికితే అక్కడ కొలవండి. దొరక్కపోతే, అనుమానం గట్టిగా ఉంటే, కోర్ (రోడ్డుకు రంధ్రం చేసి తీసే కాంక్రీటు ముక్క) తీయించమని ఇంజినీరింగ్ విభాగాన్ని రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 2(జె) పనిని తనిఖీ చేయడానికి, సామగ్రి నమూనాలు ధ్రువీకరించి తీసుకోవడానికి కూడా హక్కు ఇస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు, నకళ్లు అడగడంతోనే ఆగిపోతారు. జవాబుకు గడువు 30 రోజులు. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. ఎం-బుక్ సాధారణంగా ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) దగ్గర ఉంటుంది, దరఖాస్తు అక్కడికే వేయండి.

మందం సరిపోయినంత మాత్రాన లక్ష్యం నెరవేరినట్టు కాదు. ఆ రోడ్డు ఎందుకు వేశారు? వీధిలో నీళ్లు నిలవకూడదని అయితే, గట్టి వాన వెలిసిన అరగంటకు వెళ్లి చూడండి. పాత రోడ్డు మీదే కొత్తది పోసి ఎత్తు పెంచి, పక్కన కాల్వ కట్టకపోతే నీళ్లు వీధి వదిలి ఇళ్లలోకి వస్తాయి. పని నూరు శాతం, బిల్లు నూరు శాతం, లక్ష్యం సున్నా. మీ పట్టికలో 'పని అయిందా', 'అనుకున్నది జరిగిందా' అని రెండు గడులు విడివిడిగా ఉండాలన్నది ఇందుకే.

పన్నులు. వసూలు శాతం అంటే ఏది దేనితో భాగించారో అడగాలి. పాత బకాయి 3 లక్షలు, ఈ ఏటి డిమాండ్ 4 లక్షలు, మొత్తం వసూలు మూడున్నర లక్షలు అనుకుందాం. వసూలు మొత్తాన్ని ఈ ఏటి డిమాండుతో భాగించి 87 శాతం అని చెబుతారు. వసూలులో 90 వేలు పాత బకాయికి చెందినవైతే, ఈ ఏటిది 65 శాతం, బకాయిల వసూలు 30 శాతం, రెండూ కలిపి 50 శాతం. డీసీబీ (డిమాండ్, వసూలు, మిగులు బాకీ) పట్టికలో బకాయి, ప్రస్తుతం అని రెండు వరసలూ ఉంటాయి, పై శాతం దగ్గరే ఆగకుండా వాటిని చూడండి. రశీదు పుస్తకం మొత్తాలు, బ్యాంకు జమలు నెలవారీగా కలవాలి. ఈ నెల రశీదుల సొమ్ము రెండు నెలల తర్వాత జమ అయితే ఆ మధ్యకాలంలో డబ్బు ఎవరి దగ్గరుందన్నది రాసుకోవాల్సిన ప్రశ్న. ఇంకొకటి, కొత్తగా కట్టిన ఇళ్లు డిమాండ్ రిజిస్టరులోకి ఎక్కాయా? ఎక్కకపోతే వసూలు శాతం అందంగా ఉంటుంది, ఆదాయం పెరగదు.

మిగతావి తేలికే. చెత్త సేకరణకు వరుసగా మూడు రోజులు బండి వెంట వెళ్లి ఎన్ని గుమ్మాల ముందు ఆగిందో లెక్కపెట్టండి. చెత్తతో ఎరువు చేసే షెడ్డు కట్టడమే లక్ష్యం కాదు, లోపల ఎరువు తయారవుతోందా, మేకలు కట్టేశారా చూస్తే చాలు. మొక్కల విషయంలో నాటిన సంఖ్య వదిలేసి, రెండో వేసవి దాటాక నిలిచినవి లెక్కించండి. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన వాటిలో 85 శాతం బతికించే బాధ్యతను స్థానికంగానే పెట్టింది. అదే గుంతలో ఏటా మళ్లీ నాటి కొత్తగా లెక్కరాయడం పాత అలవాటు, కాబట్టి వీధి, గుంత స్థానంతో సహా జాబితా అడగండి.

అన్నీ కొలిచాక మార్కులు వేసి సగటు తీయాలని అనిపిస్తుంది. తీయకండి. తాగునీటిలో 30, పార్కులో 95 వస్తే సగటు 62 అవుతుంది, ఆ 62తో ఎవరి దాహమూ తీరదు. ఒక్కో లక్ష్యానికి ఐదు మాటల్లో ఒకటి చాలు: నెరవేరింది, కొంత అయింది, కాలేదు, వదిలేశారు, కొలవలేం. చివరిదాన్ని రాయడానికి మొహమాటపడకండి. ఇరవై లక్ష్యాల్లో ఎనిమిది కొలవలేనివైతే తప్పు ప్రణాళిక రాసిన తీరులో ఉంది, అది గ్రామసభకు తెలియాలి.

మరో గడి తప్పనిసరిగా పెట్టండి: ఇది పంచాయతీ చేతిలో ఉన్నదా, పై శాఖ మీద ఒత్తిడి తేవాల్సినదా, అసలు చేతిలో లేనిదా. వీధి దీపం మొదటిది. ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్ఎం (నర్సు) పోస్టు ఖాళీ రెండోది. అక్కడ ఖాళీ నిండలేదని పంచాయతీని తప్పుపట్టలేం, ఎన్ని లేఖలు రాశారు, ఏ తేదీల్లో, జవాబు వచ్చిందా అన్నది అడగగలం. ఈ విభజన లేకుండా పట్టిక పెడితే సభలో మొదటి పది నిమిషాల్లోనే అది మాదా మీదా అన్న గొడవై కూర్చుంటుంది.

పంచాయతీ పురోగతి సూచీలో మా ఊరి స్కోరు ఉందిగా, అది చాలదా అని ఎవరో ఒకరు అడుగుతారు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ తొమ్మిది ఇతివృత్తాల మీద ఇచ్చే స్కోరు అది. 90, ఆపైన ఉంటే అత్యున్నత శ్రేణి, 40 లోపు ఆరంభ శ్రేణి. 2022-23 సమాచారంతో కట్టిన మొదటి సూచీ 2025 ఏప్రిల్‌లో వెలువడింది, దేశంలో ఒక్క పంచాయతీ కూడా 90 దాటలేదు. ఇతివృత్తాల వారీగా మీ ఊరు ఎక్కడ వెనకబడిందో చూసుకోవడానికి అది పనికొస్తుంది. కానీ సమాచారం రెండేళ్లు పాతది, ఎక్కించింది శాఖల సిబ్బందే, పైగా మీ గ్రామసభ పెట్టుకున్న లక్ష్యాల గురించి అందులో ఒక్క ముక్కా ఉండదు.

సభకు ముందు ముసాయిదాను సర్పంచికి, కార్యదర్శికి ఇచ్చి వారం గడువివ్వండి. వాళ్ల వివరణకు పట్టికలోనే ఒక గడి కేటాయించండి. సగం అంశాల్లో మీరు చూడని కాగితం ఒకటి బయటికొస్తుంది, అది సభలో బయటపడితే మిగతా సమీక్షను కూడా ఎవరూ నమ్మరు. సభలో నలభై పేజీలు పంచితే ఎవరూ చదవరు. ఒక పెద్ద కాగితం మీద వార్డుల వారీగా రాసి గోడకు అంటించి, ఒక్కో వరస గట్టిగా చదివి, ఆ వీధి వాళ్లనే నిజమా కాదా అని అడగండి. చివరి ఇంటి నీళ్ల సంగతి ఆ ఇంటి ఆడమనిషి లేచి చెబితే మీ పట్టిక కంటే గట్టి సాక్ష్యం.

తీర్మానం పుస్తకంలో 'సమీక్షించడమైనది' అని ఒక్క ముక్క రాసి సంతకాలు తీసుకుంటారు, దానికి ఒప్పుకోకండి. ఏ లక్ష్యం ఏ స్థితిలో ఉంది, దిద్దుబాటు ఏమిటి, ఎవరు, ఏ తేదీకి అన్నది తీర్మానంలోనే ఉండాలి. రాసింది చదివి వినిపించాకే సంతకం చేయండి, పేజీ ఫొటో తీసుకోండి. తర్వాతి ఏడాది ప్రణాళిక కోసం జన యోజన ప్రచారం అక్టోబరు 2 నుంచి మొదలవడం 2018 నుంచి వస్తున్న పద్ధతి. కాబట్టి మీ సమీక్ష సెప్టెంబరు మూడో వారానికల్లా తేలాలి. నవంబరులో తేలితే కొత్త ప్రణాళిక అప్పటికే పోర్టల్లోకి ఎక్కి ఉండవచ్చు, కావాలని మీరు తేల్చిన వాల్వుల బదులు అందులో ఇంకో బోరు ఉండవచ్చు.